ఎండిన కాలవ పక్కన కాసిన వరస

"రోగం గీగం ఏం లేదు ఫెర్రాంతె! ఈ తీగల్ని పాడుచేసింది నువ్వు! నువ్వూ, నువ్వు చెప్పగానే గొర్రెల్లా తలలూపిన ఈ సంఘమూ! మీరు చెయ్యి పెట్టకముందు గంపలు గంపలు కాసిన తీగ, మీరు చెయ్యి పెట్టాక ఎందుకు కాయట్లేదు? ఆ ముక్క చెప్పి అప్పుడు పంపించు నీ ట్రాక్టరు!"

ద్రాక్ష బళ్ళు తూచే కాటా మీదికెక్కి నిలబడి అరుస్తోంది దిర్చె మలగోలి. శనివారం పొద్దున సహకార సంఘం గిడ్డంగి ముందు ఖాళీ సీసాలు కడగడానికొచ్చిన ఆడవాళ్ళు చేతుల్లో సీసాలు అలాగే పట్టుకుని చూస్తున్నారు. మగవాళ్ళు తమ బూట్ల వంక చూసుకుంటున్నారు. తప్పు చేసినప్పుడల్లా మగవాళ్ళకి బూట్లు బాగా కనిపిస్తాయి.

ఈ గొడవ ఎక్కడ మొదలైందో మరిచినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సెక్కియా నదికీ పనారో నదికీ మధ్య పల్లపు నేలలో తాతల నాటి నుంచీ ఉన్న ద్రాక్ష సొర్బార. దాని వైన్ లేత గులాబి రంగు, గ్లాసు నిండా నురగ, నాలుక జివ్వుమనేంత పులుపు. పంది కొవ్వు తిన్న నోటికి అంతకు మించిన మందు లేదు. పెద్దవాళ్ళు ఆ వరసల్లో నడుమ నడుమ సలమీనో అనే నల్ల ద్రాక్షను కూడా నాటేవాళ్ళు. ఎందుకని అడిగితే "సొర్బార పాలిపోయి ఉంటుంది, సలమీనో కాస్త రంగిస్తుంది" అనేవాళ్ళు. తొట్టిలో రంగు కోసమే అయితే అది లేకపోతే ఏం మునిగింది అనుకున్నాడు సంఘం అధ్యక్షుడు ఫెర్రాంతె రీగి. "అచ్చమైన సొర్బార" అని చీటీ అంటిస్తే పట్నంలో సీసాకు గిరాకీ అన్నాడు. సభ పెట్టాడు, చేతులెత్తించాడు, ప్రతి సలమీనో మొదలుకూ ఎర్ర రంగు పూయించి పీకించాడు. ఆ మరుసటేటి నుంచి సొర్బార పూత పూస్తుంది, పిందె నిలవదు. గుత్తి చూస్తే పళ్ళూడిన దువ్వెన. ఇప్పుడేమో తీగకు రోగం వచ్చిందట. సోమవారం ట్రాక్టరు దించి మొత్తం సొర్బారనే పెకలించి, సిరాలాంటి నల్ల రసమిచ్చే అంచెల్లొత్త నాటిస్తారట. ఆ రసాన్ని ట్యాంకర్లకెత్తి, ఎక్కడెక్కడి వెలవెలబోయిన వైన్లకో రంగేయడానికి అమ్ముతారట. మొదట ట్రాక్టరు దిగేది దిర్చె తోటలోకే. అందరికంటే ఘోరంగా కాపు పోయింది అక్కడే మరి.

"తలూపిన గొర్రెల్లో నువ్వూ ఉన్నావు దిర్చె," అన్నాడు ఫెర్రాంతె, గిడ్డంగి గుమ్మానికి ఆనుకుని. "ఒకటి కాదు, రెండు చేతులూ ఎత్తావు. నాకు గుర్తుంది."

"ఎత్తాను! ఆ రెండు చేతుల్తోనే ఇప్పుడు నీ పీక పట్టుకుంటా!"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఫెర్రాంతె నవ్వలేదు. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పని సులువయ్యేది. రాత్రింబవళ్ళు సంఘం కోసమే తిరిగేవాడు, తనకు తెలియంది ఒకటుంటుందని మాత్రం ఒప్పుకోలేనివాడు. అలాంటివాళ్ళతోనే పెద్ద చిక్కు.

"నేనేమన్నా మా ఇంటికి మోసుకుపోతున్నానా? కాయని తీగల్ని ముద్దుచేస్తూ కూచుంటే సంఘం మునుగుద్ది. తీగ గొడ్డుపోయింది కామ్రేడ్. గొడ్డుపోయిన ఆవును ఎన్నాళ్ళు మేపుతారు?"

నవ్వులు ఆగిపోయాయి. దిర్చెకు పిల్లల్లేరు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఫెర్రాంతెకూ తెలుసు, నోరు జారాకే గుర్తొచ్చింది. సీసాల తొట్టి దగ్గరున్న కొమునార్ద తడి చెయ్యి నడుముకి పెట్టుకుని, "అధ్యక్షా, నోరు కడుక్కుని మాట్లాడు. నీళ్ళు ఇక్కడే ఉన్నయ్," అంది.

దిర్చె కాటా దిగి, సైకిలెక్కి, నది గట్టు మీదుగా తోటకు వెళ్ళిపోయింది.

జూన్ ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తోటంతా పూత. ద్రాక్ష పువ్వు కంటికి ఆనదు, వాసన మాత్రం సన్నగా తియ్యగా మనిషిని వెంటాడుతుంది. సోమవారం ఈ వాసన ఉండదు. అటువైపు చివర, కాలవ పక్క వరస దగ్గరికి వెళ్ళి కూలబడింది. పోయినేడు గంపలు నిండింది ఆ ఒక్క వరసలోనే. "కాలవ పక్కది కదమ్మా, దానికి తడి తగిలింది," అన్నారంతా. దిర్చె కూడా అదే అంది. నిజమే అనుకుంది.

కాళ్ళు కాలవలోకి వేలాడేసి కూచుంది. అడుగున నేల పగుళ్ళు తీసి ఉంది. పైన తూము విరిగాక ఈ కాలవలోకి చుక్క నీరు రాలేదు. ఈ ఏడు రాలేదు. పోయినేడు వేసవంతా కూడా రాలేదు.

దిర్చె నెమ్మదిగా కాళ్ళు పైకి తీసుకుంది.

చుక్క నీళ్ళు లేని కాలవ తడి ఎలా తగిలించింది?

తలెత్తి చూసింది. కాలవకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఇంకో తోట. మొదటి వరస నిండా దట్టమైన ఆకు, దట్టమైన పూత. నిచ్చెనెక్కి కొమ్మలు కడుతున్నాడు ఆమోస్ బెర్గొంజీని.

ఆ పేరు దిర్చె ఇంట్లో ఎవరూ పలకరు. యుద్ధం అయిపోయాక కూలీల సమ్మె జరిగిన ఏడు, ఊరు ఊరంతా కొడవళ్ళు కింద పెడితే, ఆమోస్ పైఊళ్ళ నుంచి మనుషుల్ని లారీలో దింపి తన ద్రాక్ష కోయించుకున్నాడు. అడ్డం పోయిన వాళ్ళని ఆ మనుషులు కర్రలతో కొట్టారు. కొమునార్ద మొగుడు, పేరు నెల్లో, ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. అప్పటి నుంచి ఆమోస్ గుమ్మం ఎవరూ తొక్కలేదు. వాడి పనికి ఎవరూ పోలేదు, వాడి బల్ల దగ్గర ఎవరూ కూచోలేదు. వాడూ సంఘంలో చేరలేదు.

"నా తోట వంక అట్టా చూడమాక మలగోలి పిల్లా," అన్నాడు నిచ్చెన మీంచి. దిర్చె జుట్టు నెరుస్తోంది గాని ఆమోస్‌కి ఆమె ఇంకా తన పాత శత్రువు కూతురే. "దిష్టి తగుల్తది."

"నీ మొహానికి దిష్టొకటి. ఆ వరస ఏంటది?"

"సలమీనో. నువ్వు పీకి పొయ్యిలో పెట్టుకున్న సరుకే."

"నువ్వెందుకు పీకలా?"

"మీరు పీకుతున్నారని."

"అంతేనా కారణం?"

"అంతకంటే మంచి కారణం నాకెప్పుడూ దొరకలేదు."

దిర్చె లేచి కాలవలోకి దూకింది. సమ్మె నాటి నుంచి తొక్కని గట్టు ఎక్కేసింది. ఆమోస్ "ఏయ్, ఏయ్!" అంటుండగానే అతని వరసలో ఒక పూగుత్తి తుంచింది. వెనక్కి చెయ్యి చాపి తన వరసలోదీ ఒకటి తుంచింది. రెండూ అరచేతిలో పెట్టుకుని కళ్ళు చికిలించింది. ఏదో తేడా ఉంది. ఏమిటో ఆనడం లేదు.

అదే సమయానికి తోట మొగదల మోటారు సైకిలు ఆగింది. జనాసి, సంఘంవాళ్ళ తీగల డాక్టరు. ట్రాక్టరుకు హద్దులు పాతడానికి కొయ్యమేకుల కట్ట భుజానేసుకుని వస్తున్నాడు. తీగకు రోగం అని రాసి సంతకం పెట్టింది అతనే.

"డాక్టరూ! ఆ మేకులు అక్కడే పారేసి ఇట్రా! భూతద్దం ఉందా జేబులో?"

"ఉంది కానీ సిన్యోరా, నేను తిట్లు తినడానికి రాలేదు, హద్దులు..."

"తిట్టన్లే రా. రాకపోతే తిడతా."

జనాసి వచ్చాడు. అవతలి గట్టు మీద దిర్చె, ఆమోస్ పక్కపక్కన నిలబడి ఉండటం చూసి మేకుల కట్ట గడ్డిలో పడేశాడు. భూతద్దం తీసి ముందు సలమీనో పువ్వు చూశాడు. గింజంత పచ్చటి బొడిపె, దాని చుట్టూ సన్నటి కేసరాలు సైనికుల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. తర్వాత సొర్బార పువ్వు చూశాడు. బొడిపె ఉంది. కేసరాలూ ఉన్నాయి, కానీ వెనక్కి వంగి కిందికి ముడుచుకుపోయాయి. జనాసి ఇంకో గుత్తి తెంపాడు. ఇంకోటి తెంపాడు. తోటలోకి పరిగెత్తి నడిమి వరసలోంచి మరో నాలుగు తెచ్చాడు. చివరికి ఆమోస్ నిచ్చెన కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"రోగం కాదు," అన్నాడు. "దీని పుట్టుకే ఇంత. దీని పుప్పొడికి సత్తువ లేదు. పక్కనే ఇంకో జాతి పువ్వుండి, గాలి ఆ పొడి తెచ్చి వేస్తేనే పిందె కడుతుంది. అట్టాంటి ద్రాక్షలు ఉంటాయని చదువుకున్నా. మన సొర్బార అట్టాంటిదని ఎవరూ అనలా. నన్నెప్పుడూ సెప్టెంబరులో పిలిచి రాలిన గుత్తులు చూపించారు. పువ్వు నేనెప్పుడు చూశాను?"

"అంటే సలమీనో రంగు కోసం కాదు," అంది దిర్చె.

"తొట్టిలో రంగు కోసమని మనం అనుకున్నాం. దాని పని తోటలో ఉంది."

దిర్చె నోటి వెంట నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ గట్టు మీద కూచుండిపోయింది, కళ్ళెంబడి నీళ్ళు.

"మొగుళ్ళందర్నీ మనమే పీకి పొయ్యిలో పెట్టుకుని, పెళ్ళానికి కడుపు రాలేదని ఊరంతా టముకేశాం! గొడ్డుపోయిందంట! డాక్టరూ, ఆ మాట నాకు కొత్తేం కాదు. నన్నూ అన్నారు. ఆస్పత్రికి నన్నొక్కదాన్నే తిప్పారు. మా ఆయన్ని ఒక్కసారి పరీక్ష చేయించుకో నాయనా అని అడిగినోడు లేడు. మనుషులకేనా, తీగలకీ అదే న్యాయమా?"

జనాసి తల దించుకున్నాడు. ఆమోస్ మాత్రం గెడ్డం గోక్కుంటున్నాడు.

"ఆగండాగండి. అంటే ఇన్నేళ్ళూ ఈ పిల్ల వరసకు కాపు పెట్టింది నా సలమీనోనా?"

"నోరు తిన్నగా రానీ."

"నేనేమన్నా! పద్ధతైన మొక్కలనుకుంటున్నా. నాకు తెలీకుండా కాలవ దాటి పోతున్నయ్యా?"

జనాసి నవ్వాపుకోలేకపోయాడు. దిర్చె కూడా ఆపుకోలేకపోయింది. ఆమోస్ ముందు నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చి, చటుక్కున లేచింది.

"సరే. ఇప్పుడేం చెయ్యాలి?"

"వచ్చే చలికాలంలో మళ్ళీ సలమీనో నాటాలి, అంట్లు కట్టాలి..."

"వచ్చే చలికాలానికి ఇక్కడ అంచెల్లొత్త ఉంటుంది డాక్టరూ. ఇప్పుడంటే ఈ ఏడు. ఈ పూత మీద."

జనాసి ఆలోచించాడు. ఆలోచన మొహంలో పాకడం దిర్చెకు కనిపిస్తూనే ఉంది. ఒక దారుందన్నాడు. సలమీనో పూకొమ్మలు కోసి, నీళ్ళు పోసిన సీసాల్లో పెట్టి, సొర్బార వరసల్లో గాలి వచ్చేవైపు, తీగలు పాకే కమ్మీకి వేలాడదీయాలి. కొన్ని గుత్తుల్ని చేత్తో దులపాలి. అన్నిటికీ కాకపోయినా చాలావాటికి పిందె నిలుస్తుంది. కానీ కొండల వైపు మబ్బు పడుతోంది. రేపు వానొస్తే ఉన్న పుప్పొడి కాస్తా కొట్టుకుపోతుంది. వాన వెలిసేసరికి పూతే అయిపోతుంది. చేస్తే ఇవాళే చెయ్యాలి.

"నా సంతకం నేను వెనక్కి తీసుకుంటా," అన్నాడు. "సంతకం లేందే ట్రాక్టరు కదలదు. ఫెర్రాంతె నా మీద పడి అరుస్తాడు, అరవనీ. రెండు వారాలు ఆపగలను. అప్పటికి గుత్తుల్లో పిందె కనిపించిందా, ఎవడూ తీగ ముట్టుకోడు. కనిపించకపోతే మాత్రం ఆయన ఇంకో డాక్టర్ని తెస్తాడు."

అయితే పూకొమ్మలు కావాలి. ఊరు మొత్తంలో సలమీనో మిగిలింది ఒక్కచోటే. కోసిన ప్రతి కొమ్మా సెప్టెంబరులో ఆమోస్ పోగొట్టుకునే గుత్తే.

ఇద్దరూ అతని వంక చూశారు.

ఆమోస్ జనాసిని లేపి నిచ్చెన మడిచాడు. తొందరపడలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఊరికి తనతో అవసరం పడింది. ఆ రుచి కాసేపు నోట్లో ఉంచుకున్నాడు.

"కోసుకోండి," అన్నాడు. "అంతా కోసుకోండి. నాకు డబ్బులొద్దు. ఒకటే మాట. కోతకొచ్చిన మనిషికి ఆ ఇంటి బల్ల దగ్గర మధ్యాన్నం భోజనం. మన నేల మీద అదీ పద్ధతి. నా తోటలో కత్తెర పట్టిన ప్రతి ఆడమనిషీ నా బల్ల దగ్గర కూచోవాలి. నా రొట్టె తినాలి, నా వైన్ తాగాలి. సంచిలో తెచ్చుకున్న తిండి గట్టు మీద కూచుని తిని పోతానంటే కుదరదు."

"మళ్ళీ చెప్పు?"

"మా ఆవిడ ఎల్వీర పోయినప్పుడు శవపెట్టె మొయ్యడానికి మొదెన పట్నం నుంచి కూలికి మనుషుల్ని తెచ్చుకున్నా దిర్చె." ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "నలుగురు. దాని పేరేంటో కూడా వాళ్ళకు తెలీదు."

దిర్చె ఒకడుగు అతని ముందుకొచ్చింది.

"సమ్మె జరిగిన ఏటి చలికాలం మా ఇంట్లో పొయ్యి ఎన్నాళ్ళు వెలగలేదో నీకూ తెలీదు ఆమోస్. నెల్లో కాలు విరిచిన వాళ్ళకి నెల్లో పేరు తెలుసా? అడిగావా? నీ బల్ల దగ్గర కూచోబెడతా. అందర్నీ కూచోబెడతా. కానీ నాదీ ఒక మాట. ఆ బల్ల దగ్గర లేచి నిలబడి, మనుషుల్ని దింపడం తప్పని నీ నోటితో నువ్వు చెప్పాలి."

ఆమోస్ నిచ్చెన భుజానేసుకున్నాడు. తర్వాత ఇంటివైపు నడుస్తూ, "పిండి కలపాలి. ఎంతమంది వస్తారు?" అన్నాడు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

జనాసి మోటారు సైకిలు గిడ్డంగి వైపు దూసుకుపోయింది. రోగం అని చెప్పిన నోటితోనే, రోగం కాదు, రండి రండి అని కేకలేశాడు. ఒక గంట గడిచిందో లేదో ఆడవాళ్ళు సైకిళ్ళ మీద వచ్చేశారు. ముందు బుట్టల్లో కత్తెరలు, వెనక క్యారియర్ల మీద గలగలలాడే ఖాళీ సీసాలు. ఎన్నాళ్ళకో వాళ్ళ మొహాల్లో పని కళ కనిపించింది. ఒకామె పాట ఎత్తుకుంది. ఇంకొకామె, "మొగుళ్ళను సీసాలో పెట్టి వేలాడదీయాలంటగా! మాయన్ని కూడా పెడదామా?" అంటే, "మీయనకి సీసా ఇస్తే ఖాళీ చేసి తిరిగిస్తాడు," అంది మరొకామె.

దిర్చె కాలవ మధ్యలో నిలబడి పువ్వులు చూపించింది. నిటారు కేసరాలు, వంగిన కేసరాలు. భూతద్దం చేతులు మారింది. చూసిన ప్రతి ఆడమనిషీ ముందు నోరు తెరిచింది, తర్వాత తిట్టింది. ఎవర్ని తిట్టాలో తెలియక కొందరు ఫెర్రాంతెని, కొందరు తమనే తిట్టుకున్నారు. తర్వాత దిర్చె ఆమోస్ పెట్టిన షరతు చెప్పింది.

పాట ఆగిపోయింది.

అవతల పెరట్లో పొడుగాటి బల్ల వేసి ఉంది. దాని మీద తెల్లగుడ్డ, మడతలు ఇంకా పోలేదు. పందికొవ్వులో పొంగుతున్న రొట్టెల వాసన, దాని వెంటే మాడిన వాసన. ఒంటి మనిషి, అంతమందికి వండటం మరిచిపోయినట్టున్నాడు.

కొమునార్ద తన సైకిలు తిప్పుకుంది.

"నెల్లోకి ఏం చెప్పాలి నేను? నీ కాలు విరగ్గొట్టించినోడి రొట్టె తినొచ్చానని చెప్పనా? తీగలు పోతే పోనియ్యి దిర్చె. ద్రాక్ష లేకుండా బతికినోళ్ళున్నారు. సిగ్గు లేకుండా నేను బతకలేను."

ఇద్దరు ముగ్గురు ఆమె పక్కకు జరిగారు. మిగిలినవాళ్ళు ఎటూ జరగలేదు. కొండల మీది మబ్బు తోటమీదికి నీడ పరుస్తోంది.

"సిగ్గు గురించి నాకు చెప్పకు వదినా," అంది దిర్చె. అరవలేదు. పొద్దున కాటా మీద అరిచిన గొంతు కాదిది. "ఆమోస్ చేసింది నేను మరవను. మరవమని మిమ్మల్ని అడగను. నెల్లోని కూడా తీసుకురా, బల్లకి ఆ చివర కూచోబెడదాం, ఆమోస్ ఆయన మొహం చూస్తూ తను చేసింది తప్పని చెప్పాలి, అది నా షరతు. చెప్పకపోతే బల్ల తిరగేసి వద్దాం, మొదటి చెయ్యి నాదే. కానీ అక్కడికి పోకుండా, ఇక్కడ సైకిళ్ళు పట్టుకుని నిలబడితే ఏమొస్తుంది? మన కోపం ఏడాది పొడుగునా ఉంటది, ఎక్కడికీ పోదు. పువ్వు ఇవాళ్టికే. ఎందుకని అడక్కుండా ఒకసారి చేతులెత్తాం, తోట పోగొట్టుకున్నాం. ఈసారి చేతులెత్తద్దు, చేతులు ఆడించండి. కత్తెర ఉన్నోళ్ళు ముందు రండి, సీసాలున్నోళ్ళు వెనక రండి. వాన కంటే ముందు దిగండి కాలవలోకి!"